రెండూ పదికి ఆగే కెమెరా

"పది నిమిషాలే ఇస్తున్న. వాచీ చూసుకోండ్రి" అన్నాడు సీఐ ఓంప్రకాశ్, స్టేషన్ వెనక గది తాళం తీస్తూ.

శుక్రవారం, టైము పన్నెండూ ఇరవై. సాయంత్రం ఐదుకు నవతను మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి జైలుకు పంపాలని అతని తొందర. ఐదులోపల ఆమె తన మామను చంపలేదని నేను తేల్చాలి. నన్ను కరీంనగర్ నుంచి పిలిపించింది ఆమె అక్క వనజ. మమతారాణి, ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోకముందు నేను పన్నెండేళ్లు పోలీసు వైర్‌లెస్ విభాగంలో పనిచేశాను. ఓంప్రకాశ్‌ది, నాది ఒకే ఏడాది ట్రెయినింగ్. అప్పటినుంచీ నేనంటే అతనికి పంటికింద రాయే.

చచ్చిపోయినవాడు ఎల్లేశం. యాభై తొమ్మిదేళ్లు. చెన్నూరు అవతల ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. రిటైర్మెంటుకు ఇంకా ఐదు నెలలుంది. ఆ వారం రాత్రి షిఫ్టు కాబట్టి బుధవారం మధ్యాహ్నం క్వార్టర్ ముందు గదిలో మంచం మీద నిద్రపోతున్నాడు. ఆ నిద్రలోనే ఎవరో రోటి పొత్రంతో తల పగలగొట్టారు. భార్య లేదు. ఇంట్లో ఉండేది అతను, కోడలు నవత, ఆరేళ్ల మనవరాలు భూమిక. కొడుకు వెంకటి ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు, ఆదివారాలు వచ్చిపోతాడు.

వసారాలో వైఫై కెమెరా పెట్టించింది వెంకటే. ఇంటి భద్రతకని అందరికీ చెప్పాడట. దొంగలను పట్టే కెమెరా వీధిని చూడాలి. ఇది మాత్రం ఇంటి గుమ్మాన్ని చూస్తుంది, పెళ్లాం ఎప్పుడు బయటికి పోయిందో, ఎవరు లోపలికి వచ్చారో తన ఫోన్లో చూసుకోవడానికి. మెమరీ కార్డు లేదు, అప్పటికప్పుడు చూడటమే తప్ప బొమ్మ దాచదు. ఇలాంటి మొగుళ్ల పని నాకు చాలా తగిలింది. వాళ్ల డబ్బు నేను ముట్టుకోను.

నవత గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై కూడా ఉండవు. ఎడమ మోచేతి పైన పాత కమిలిన మచ్చలు కనబడుతున్నాయి. కెమెరా సంగతి అడిగాను. రోజూ మధ్యాహ్నం రెండు దాటగానే దానికి వైఫై తెగిపోతుందనీ, పది పన్నెండు నిమిషాలకు మళ్లీ అదే వస్తుందనీ, కావాలని ఆపుతున్నావని మొగుడు రోజూ ఫోన్లో తిట్టేవాడనీ, ఆదివారం వస్తే కొట్టేవాడనీ చెప్పింది. చెన్నూరు నుంచి ఇద్దరు మెకానిక్‌లను పిలిపించిందట. ఒకడు పాస్‌వర్డ్ మార్చి పోయాడు, ఇంకొకడు వైరు మార్చి పోయాడు. రోగం మాత్రం అలాగే ఉంది.

"నేను బంద్ చెయ్యలే మేడం. దాన్ని ముట్టుకునుడే ఇడిసిపెట్టిన. ముట్టుకుంటే దెబ్బలు, ముట్టుకోకున్నా దెబ్బలే."

బుధవారం రెండింటికి ఎక్కడున్నావని అడిగితే వీధి చివర నల్లా దగ్గర అంది. కంపెనీ నీళ్లు ఆ సమయానికే వస్తాయి. కానీ ఆ రోజు వాన పడుతుంటే మిగతా ఆడవాళ్లు త్వరగా పట్టుకుని వెళ్లిపోయారు. ఆమెను చూసినవాళ్లు ఎవరూ లేరు. రెండూ నలభైకి బిందె దించి లోపలికి పోయి చూసిందట. అక్కడినుంచి ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. చివరకు ఒకే మాట అంది.

"ముందుగాల నా బిడ్డను మా అక్క తానికి పంపియ్యుండ్రి. అటెన్క ఏదడిగితే అది చెప్త."

పిల్ల తండ్రి దగ్గర క్షేమంగా ఉందని ఓంప్రకాశ్ గుమ్మంలోనుంచే జవాబిచ్చాడు. నవత తల దించుకుంది. తల్లి ప్రాణం కదా, పిల్ల మీదే ఉంటుందని అనుకుని ఊరుకున్నాను. ఇన్నేళ్లు ఈ పనిచేసి అంత తేలిగ్గా ఊరుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

బయటికి వచ్చాక ఓంప్రకాశ్ ఒక కాగితం నా ముందు పడేశాడు. వెంకటి తన ఫోన్లోంచి తీసి పోలీసులకు ఇచ్చిన లిస్టు అది. ముప్పై రోజుల్లో కెమెరా ఇరవై ఐదుసార్లు ఆగింది. రెండూ ఎనిమిదికి, రెండూ పన్నెండుకు, రెండూ పదికి. చివరిది బుధవారం, రెండూ ఆరుకు ఆగి రెండూ ముప్పై మూడుకు వచ్చింది. ఓంప్రకాశ్ కథ పూర్తిగా అల్లి సిద్ధంగా ఉంది. కోడలు రోజూ ఆ టైముకు కెమెరా ఆపి ఎవరినో ఇంటికి రానిస్తోంది, రాత్రి షిఫ్టు వల్ల ఇంట్లో ఉన్న మామ చూశాడు, చంపేసింది.

"నాలుగు ఆదివారాలు లిస్టుల లేవు చూడుండ్రి. మొగడు ఇంట్ల ఉన్ననాడు కెమెరాకు ఏ రోగం రాదు. గింతకన్న సాక్ష్యం ఏం గావాలె?"

"పోయిన వారం కాదు, అంతకు ముందు వారం శుక్రవారం గూడ లేదు. ఆ రోజు మొగడు ఇంట్ల ఉన్నడా?"

అతను కాగితం లాక్కుని చూశాడు. ఆ రోజు వెంకటి ఆదిలాబాద్‌లోనే ఉన్నాడు. వచ్చేవాడు ఆ రోజు రాలేదేమో అని గొణిగాడు. వచ్చేవాడు ఎవరని అడిగితే దొరుకుతాడన్నాడు. పేరూ ఊరూ లేని ఆ మనిషిని పట్టుకుని ఒక ఆడదాన్ని జైలుకు పంపుతున్నాడని నాకు ఒళ్లు మండింది. ఇల్లు చూపించమన్నాను. నేను ఒంటరిగా పోతే సాక్ష్యం పాడుచేస్తానని తనే జీపు తీశాడు.

క్వార్టర్‌కు చేరేసరికి ఒకటీ నలభై. సీలు తీసి లోపలికి వెళ్లాం. మంచం వైపు గోడ మీద రక్తం మరక మోకాలి ఎత్తు దాటలేదు. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే కొట్టారు. పెనుగులాట లేదు. తలుపు గడియ కూడా బాగానే ఉంది. పొత్రం వంటింటి వస్తువు కాబట్టి ఆడదాని పనే అని ఓంప్రకాశ్ అన్నాడు. మిక్సీ కొన్నప్పటినుంచి ఆ పొత్రం తలుపు గాలికి కొట్టుకోకుండా గుమ్మం పక్కన పెట్టేవాళ్లని నవత స్టేషన్‌లోనే చెప్పింది. గచ్చు మీద దాని గుండ్రని మచ్చ ఇంకా ఉంది. అంటే గుమ్మం ఎక్కిన ఎవరి చేతికైనా అందుతుంది. అది అతనికి చూపించాను. విననట్టు నటించాడు.

రెండు గదులకూ మధ్య ఒక పాత చీర తెరగా కట్టి ఉంది. లోపలి గదిలో మూలకు చిన్న పరుపు, చిన్న దుప్పటి. పక్కన జ్వరం సిరప్ సీసా, అడుగున మందు ఎండిపోయిన మూత, గిన్నెలో తడిగుడ్డ బిగుసుకుపోయి ఉంది. చిలక్కొయ్యకు బడి సంచి వేలాడుతోంది.

"బుధవారం పిల్ల ఎక్కడున్నది?" అని అడిగాను.

బడిలో అన్నాడు. ఎవరు చెప్పారంటే వెంకటి అన్నాడు. ఆదిలాబాద్‌లో ఉన్నవాడికి పిల్ల బడికి పోయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. పిల్ల జ్వరంతో ఇంట్లోనే పడుకుని ఉన్నట్టుంది, బడిలో కనుక్కోమన్నాను. అతని ముఖం మాడింది. తాను అడగాల్సిన ప్రశ్న నేను అడిగితే ఎవరికైనా మండుతుంది. ఫోను తీసుకుని రోడ్డు మీదికి పోయాడు. నేను స్టూలు లాక్కుని వసారాలో కెమెరా దగ్గరికి ఎక్కాను.

కెమెరాలో లోపమేమీ లేదు. నీలం లైటు నిలకడగా వెలుగుతోంది. వైఫై ఇచ్చే రౌటర్ ముందు గదిలో టీవీ బల్ల మీదే ఉంది, మధ్య దూరం పది అడుగులు కూడా లేదు. అంత దగ్గర నుంచి సిగ్నల్ తెగడానికి కారణమే లేదు. స్టూలు దిగి రౌటర్ కరెంటు ఎక్కడినుంచి తీసుకుంటోందో చూశాను. ఎన్నేళ్లనాటిదో ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని రంధ్రాలు అరిగి వదులైపోయాయి. రౌటర్ అడాప్టర్ తన బరువుకు తానే ముందుకు వాలి వేలాడుతోంది. వేలితో తాకితే చాలు కదులుతోంది.

నేను దాన్ని పట్టుకుని చూస్తుండగానే బయట గని సైరన్ మోగింది. బ్లాస్టింగ్‌కు ముందు మోగేది. ఆ సైరన్ మోగితే ఎర్ర జెండాలు పట్టుకుని కాలనీ రోడ్డు మూసేస్తారు, పేలుడు అయ్యేదాకా బండి కదలదు. జీపు కూడా కదలదు కాబట్టి ఓంప్రకాశ్ తిరిగి లోపలికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

రెండూ పదకొండుకు కాళ్లకింద నేల ఒక్కసారి ఎగిరినట్టయింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. రేకు సందులోంచి దుమ్ము రాలింది. అడాప్టర్ ఒక వెంట్రుక వాసి జారి మళ్లీ అంటుకుంది. రౌటర్ లైట్లన్నీ ఆరిపోయి, ఒక్కొక్కటీ మొదటినుంచి వెలగడం మొదలుపెట్టాయి. వసారాలో కెమెరా నీలం లైటు ఎర్రబడింది. ఇద్దరం వాచీలు చూసుకుంటూ నిలబడ్డాం. రెండూ ఇరవై రెండుకు నీలం వచ్చింది.

నా సంచిలో ఎప్పుడూ ఉండే కొత్త బోర్డు తీసి గోడకు బిగించాను. అడాప్టర్‌ను దానికి గుచ్చి టేపుతో కదలకుండా చుట్టాను. ఐదు నిమిషాల పని. మెకానిక్‌లు దీన్ని ఎందుకు కనిపెట్టలేదంటే, ఆ టైముకు రోడ్డు మూసేస్తారు గనక వాళ్లెప్పుడూ అప్పుడు ఇక్కడ లేరు. కాలనీవాళ్లు ఎందుకు చెప్పలేదంటే, పుట్టినప్పటినుంచీ రోజూ ఇల్లు కదిలితే ఆ కదలిక ఇక ఎవరికీ లెక్కలోకి రాదు. ఈ ఐదు నిమిషాల పని నెల క్రితం ఎవరైనా చేసి ఉంటే ఆమె చేతి మీద ఆ మచ్చలుండేవి కావు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పక్క క్వార్టర్ సిద్దిరాములు గోడ మీదుగా చూస్తున్నాడు. గనిలో బ్లాస్టింగ్ జట్టులో పనిచేస్తాడు, ఆ రోజు అతనికి సెలవు. ఆదివారాలు పేలుస్తారా అని అడిగాను. లేదన్నాడు. ఆ శుక్రవారం? సమ్మె మేడం, గనే బంద్ అన్నాడు. నేను ఓంప్రకాశ్ వైపు తిరిగి, లిస్టులో లేని ఐదు రోజుల లెక్క సరిపోయిందనీ, ఇక ఆ రంకు కథ చించెయ్యమనీ చెప్పాను. గెలిచానని లోపల కొంచెం గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం ఒక నిమిషం కూడా నిలవలేదు.

సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు. "బుధారం గూడ పేల్చలే మేడం. పొద్దుగాల సంది ఒకటే మెరుపులు. మెరుపులుంటే మందు నింపరు, రూలు. సైరనే మోగలే."

నా చేతిలో కాగితం మీద బుధవారం రెండూ ఆరు అని ఉంది. ఓంప్రకాశ్ నెమ్మదిగా దగ్గరికి వచ్చి ఆ గీత మీద వేలు పెట్టాడు.

"ఇరవై నాలుగు నాళ్లు పేలుడు ఆపింది. ఒప్పుకుంట. బుధవారం ఆపింది చెయ్యి. ఆ టైముకు గీ ఇంట్ల తిరిగిన చెయ్యి ఆమెది ఒక్కటే. నా కేసు మీరే గట్టిగ కట్టిచ్చినరు మేడం, షుక్రియా."

నేను బాగుచేసిన కెమెరాయే నవత మెడకు ఉరి బిగిస్తోంది. అతను సీలు వెయ్యడానికి లక్క తీశాడు. నేను పది నిమిషాలు అడిగాను. స్టేషన్‌లో అన్నట్టే వాచీ చూసుకోమన్నాడు.

టీవీ బల్ల ముందు నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. రౌటర్ లోపల దాని సొంత రికార్డు ఒకటి ఉంటుంది. ఎప్పుడు ఆగి మొదలైంది, ఏ ఫోను ఎప్పుడు దాని వైఫైలోకి వచ్చింది, ఎప్పుడు పోయింది అన్నీ అందులో ఉంటాయి. దానికి తాళం రౌటర్ అడుగున చీటీ మీదే రాసి ఉంది. అమ్మినవాడు పెట్టిన పాస్‌వర్డు మార్చే అలవాటు మన ఇళ్లలో లేదు. ఈసారికి అదే నన్ను కాపాడింది.

మంగళవారం రెండూ తొమ్మిదికి రౌటర్ ఆగి మొదలైంది. ఆ తర్వాత గురువారం రెండూ పద్నాలుగుకు. మధ్యలో బుధవారం అది ఒక్క సెకను కూడా ఆగలేదు. బోర్డు లాగితే రౌటర్ ఆగాలి. అంటే బుధవారం ఎవరూ బోర్డు ముట్టుకోలేదు. కెమెరాను మాత్రమే ఆపారు. దాని వైరు నేరుగా గోడలోకి పోతుంది, పీకడానికి ప్లగ్గు లేదు, ఫోన్లో ఉన్న యాప్ నుంచే ఆపవచ్చు. ఆ యాప్ నవత దగ్గర లేదు. ఆమెది బటన్ల ఫోను. యాప్ ఉన్నది వెంకటి ఫోన్లో ఒక్కదాంట్లోనే.

ఓంప్రకాశ్ నా భుజం మీదుగా వంగి చూస్తూ, అది ఆదిలాబాద్ నుంచి కూడా ఆపవచ్చు కదా, ఆ రోజు పొద్దున మిల్లులో హాజరు ఉందని తను కనుక్కున్నానని అన్నాడు. గొంతులో మునుపటి బిగువు లేదు. నేను కింది పేజీకి పోయాను. వైఫైలోకి వచ్చిపోయిన ఫోన్ల లిస్టు. ప్రతి ఆదివారం పొద్దున ఒక ఫోను వస్తోంది, సాయంత్రం పోతోంది. నాలుగు ఆదివారాలూ అదే ఫోను, అదే గుర్తింపు నెంబరు. అదే నెంబరు ఇంకొక్క రోజు కూడా ఉంది.

"చదువుండ్రి" అన్నాను.

అతను పైకి చదివాడు. బుధవారం, లోపలికి రెండూ నాలుగు. బయటికి రెండూ ముప్పై నాలుగు.

ఆ తర్వాత అతనికి నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. వెంకటి పొద్దున మిల్లులో కనబడి, ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, రెండింటికల్లా ఈ వీధి మలుపులో నిలబడ్డాడు. తన ఇంటి వైఫై జేబులో ఫోనుకు తెలుసు, అదే కలుపుకుంది. ఆ సంగతి అతను ఆలోచించలేదు. రోజూ రెండూ పదికి ఎలాగూ ఆగే కెమెరా కదా, ఇంకోరోజు ఆగితే లిస్టులో ఇరవై ఐదో గీత అవుతుంది, నేరం పెళ్లాం మీదికి పోతుంది అనుకుని ఫోన్లో నొక్కాడు. మెరుపులకు గని ఆగిపోయిందని ఆదిలాబాద్ నుంచి అప్పుడే దిగినవాడికి తెలియదు. ఎందుకు చంపాడన్నది ఈ గనుల దగ్గర పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. ఐదు నెలలు ఆగితే తండ్రి రిటైరవుతాడు, కొడుకు మిల్లులోనే ఉంటాడు. సర్వీసులో ఉండగా చస్తే ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది.

ఓంప్రకాశ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నేను స్టేషన్‌కు ఫోను చేయించి నవతకు ఇమ్మన్నాను. ఇంట్లో రౌటర్‌లో దొరికింది చెప్పాను. బుధవారం పిల్ల ఇంట్లో ఉందా అని అడిగాను.

"ఉన్నది మేడం. జరం. తెర సందులకెళ్లి చూసిందట. బాపు తాతను కొట్టిండు అని నా చెవుల చెప్పింది." గొంతు తగ్గించి చెప్పింది. "పిల్ల చూసినట్టు ఆయనకు తెల్వదు. తెల్వనంత సేపే నా బిడ్డ బతుకుతది. పోలీసోళ్లకు చెప్తే పోయి ఆయన్నే అడుగుతరు. గందుకే నోరు తెరువలే. బిడ్డను అక్క తానికి పంపుమని అందుకే మొత్తుకున్న."

ఓంప్రకాశ్ వైపు తిరిగాను. ఇందాక రోడ్డు మీదికి పోయి బడికే ఫోను చేశావా అని అడిగాను. గారు, సారు అనడం కూడా మర్చిపోయాను.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. బడివాళ్లు ఎత్తలేదన్నాడు. ఆ తర్వాత మాటలు నేలను చూస్తూ చెప్పాడు.

"వెంకటికి చేసిన. బుధవారం పిల్ల ఇంట్లనే ఉన్నదట, ఏమన్న చూసిందో జర బుజ్జగించి అడుగుమన్న."

"ఎక్కడున్నడు?"

"ఇయ్యాల మూడొద్దులు గద. తండ్రి బూడిద కలుపనీకి గోదారికి వచ్చిన అన్నడు. పిల్లను గూడ ఎంట తెచ్చుకున్నడట. నీళ్ల కాడ ఆడుకుంటున్నది, నేను అడుగుత సార్ అన్నడు."

నేను అతని ఫోను లాక్కుని వెంకటి నెంబరుకు కొట్టాను. స్విచాఫ్. పైన, ఇందాకటి కాల్ టైము కనబడింది. అతను వెంకటితో మాట్లాడింది ఒకటీ యాభై ఎనిమిదికి. ఇప్పుడు మూడూ ఐదు.